భుజంలో దిగిన సూది: రాజీయా, పోరాటమా?

తెనాలి: (మా గ్రామీణ విలేకరి)

"అమెరికాలో సూది పొడిచినందుకు కూడా సర్కారు డబ్బిస్తుందటగా, నిజమేనా అబ్బాయ్?" అని పోయిన వారం పాలకేంద్రం దగ్గర ఒక పెద్దాయన ఈ విలేకరిని నిలేశారు. "పొడిచినందుకు కాదు బాబాయి గారూ, పొడిచిన చోట చెయ్యి పడిపోతే" అని చెప్పగా, ఆయన పాలక్యాను పక్కన పెట్టి, నన్ను వేపచెట్టు కిందకు తీసుకుపోయి తన ఇంటి సంగతి బయట పెట్టారు. పేర్లు రాయవద్దని, ఊరు రాయవద్దని, సొమ్ము ఎంతో అసలే రాయవద్దని ఒట్టు పెట్టించుకున్న మీదటనే చెప్పారు. కనుక అవి ఈ వ్యాసంలో ఉండవు. అయితే సంగతి మాత్రం ఆయన ఒక్కరిది కాదు. మన డెల్టా గ్రామాల్లో కొడుకో కూతురో అమెరికాలో లేని వీధి అరుదు. పిల్లల కాన్పులకూ పసివాళ్లను చూసుకోవడానికీ ఆరేసి నెలలు వెళ్లివచ్చే తల్లిదండ్రులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అందుచేత ఈ వ్యవహారం మన పాఠకులు తెలుసుకోదగ్గదే.

జరిగింది ఇది. ఆయన భార్య 2022లో కొడుకు వద్దకు వెళ్లారు. చలికాలం వస్తున్నది, ఇంట్లో పసిబిడ్డ ఉన్నది, ఫ్లూ టీకా వేయించుకుంటే మంచిదని కోడలు అక్టోబరులో ఆమెను మందుల షాపుకు తీసుకువెళ్లింది. అక్కడ టీకాకు ఆసుపత్రికే పోనక్కరలేదు. మందుల షాపులోని ఫార్మసిస్టే వేస్తాడు. ఆమె జాకెట్టు మీద చలికోటు, దాని లోపల ఇంకొక చొక్కా వేసుకుని ఉన్నారు. ఎవరూ చెయ్యి పైకి మడవలేదు. మెడ దగ్గర చొక్కా కిందికి లాగి, కనిపించిన చోట సూది వేశారు. ఆ రాత్రికే భుజం పట్టేసింది. "టీకా అన్నాక నొప్పి ఉండదా" అని ఆమె ఎవరికీ చెప్పలేదు. కొడుకింట్లో ఉండి నొప్పి నొప్పి అంటే కోడలు ఏమనుకుంటుందోనని కొంత, డాక్టరు దగ్గరకు పోతే వాళ్లకు ఎంత ఖర్చవుతుందోనని కొంత. రెండు నెలల తర్వాత జడ ముడి వేసుకోవడానికి కూడా చెయ్యి లేవని స్థితిలో అసలు విషయం బయటపడింది. తర్వాత మందులు, వ్యాయామాలు, కీలులో ఇంజక్షను, ఇక్కడికి వచ్చాక గుంటూరులో స్కానింగు. మూడేళ్లు దాటినా ఎడమ చెయ్యి చెవి దాటి పైకి పోదు. అటకమీది డబ్బా అందుకోవాలంటే భర్తను పిలవవలసిందే.

ఇప్పుడు వారి ముందు ఒక కాగితం ఉన్నది. అమెరికా ప్రభుత్వం తరఫు వకీళ్లు ఇంత మొత్తం ఇస్తాం, కేసు ముగించుకుందాం అంటున్నారు. తీసుకోవాలా, కోర్టులో తేల్చుకోవాలా అన్నదే ఇంట్లో తగవు. ఆయన తీసుకుందామంటారు. ఆమె "తప్పు జరిగిందని వాళ్లు ఒప్పుకోకుండా డబ్బెందుకు?" అంటున్నారు.

ముందు భుజం సంగతి చూద్దాం. టీకా వేయవలసింది భుజానికి కింద, బలంగా ఉండే కండలో. భుజం ఎముక కొస నుంచి రెండు మూడు వేళ్లు కిందికి కొలిచి వేయాలి. ఇంకా పైన వేస్తే సూది కండలో ఆగక, కీలు మీద ఒరిపిడి లేకుండా ఉంచే సంచి వంటి పొరలోకి దిగుతుంది. టీకా మందు పని చేసేదే శరీరాన్ని రెచ్చగొట్టి. ఆ రెచ్చగొట్టడం కండలో జరిగితే రెండు రోజుల నొప్పితో పోతుంది. కీలు దగ్గర జరిగితే వాపు అక్కడే తిష్ఠ వేసి, భుజం బిగుసుకుపోయే ప్రమాదం ఉన్నది. 2006లో ఇద్దరు రోగులకు ఇలా జరిగిన వైనం వైద్య పత్రికలో వచ్చింది. 2010లో పదమూడు మంది కేసులను కలిపి రాసిన వారు మరెవరో కాదు, అమెరికా ఆరోగ్య శాఖలో ఈ పరిహారం దరఖాస్తులు పరిశీలించే డాక్టర్లే. వారే దీనికి పేరు కూడా పెట్టారు. పేరులోని తొలి అక్షరాలు కలిపి 'సిర్వా' అంటున్నారు. 2011లో అక్కడి జాతీయ వైద్య సంస్థ నియమించిన నిపుణుల సంఘం కూడా సూది వల్ల భుజం కీలు పొర వాచడం నిజమేనని తేల్చింది. టీకాలో ఏ మందు ఉన్నదన్న దానితో దీనికి పెద్దగా నిమిత్తం లేదు, సూది ఎక్కడ దిగిందన్నదే ముఖ్యమని కూడా అందరూ గమనించారు. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు ముందు తగవంతా దీని మీదనే.

ఇది చదివి టీకాలంటే జంకవలసిన పని లేదు. వేసిన చోట ఒకటి రెండు రోజులు నొప్పి, బరువు మామూలే. కోట్ల మంది వేయించుకుంటే ఏ కొద్దిమందికో ఈ గతి పడుతుంది. అయితే ఆ కొద్దిమందిలో ఒకరు మన వీధిలో ఉంటే మాత్రం సంగతి వేరు కదా.

ఇక పరిహారం ఎక్కడి నుంచి వచ్చింది? 1980 ప్రాంతాల్లో అమెరికాలో పిల్లలకు వేసే కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి టీకా వల్ల బిడ్డలకు మెదడు దెబ్బతిన్నదని కంపెనీల మీద దావాలు వెల్లువెత్తాయి. కొన్ని కంపెనీలు ఈ తలనొప్పి మాకెందుకని టీకాల తయారీ మానివేశాయి. కొరత ఏర్పడింది. అప్పుడు 1986లో వారి పార్లమెంటు ఒక చట్టం చేసింది. అధ్యక్షుడు రీగన్ సంతకం చేయగా, 1988 అక్టోబరు 1 నుంచి పథకం అమలులోకి వచ్చింది. సూత్రం సులువు. టీకా వల్ల హాని జరిగిందనుకునేవారు కంపెనీ మీదనో, సూది వేసినవారి మీదనో నేరుగా దావాకు పోకూడదు. ముందు ప్రభుత్వ పథకానికి రావాలి. ఎవరి తప్పు అన్నది ఇక్కడ తేల్చరు. టీకా వల్ల దెబ్బ తగిలిందా లేదా అన్నదే తేలుస్తారు. తగిలితే సొమ్ము ఇస్తారు.

సొమ్ము ఎవరిదంటే, టీకా వేయించుకునే వారందరిదీ. ప్రతి మోతాదు మీద, అది ఆపే ఒక్కొక్క రోగానికి 75 సెంట్ల చొప్పున పన్ను పడుతుంది. ఫ్లూ టీకాకు ముప్పావు డాలరు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే దానికి రెండుంపావు డాలర్లు. మన ఊళ్లో పొలానికి నీటి తీరువాతో పాటు సెస్సు కట్టినట్టన్నమాట. ఆ నిధి నుంచి 1988 మొదలు ఇప్పటివరకు 500 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు.

దావా వేయవలసింది వాషింగ్టనులోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో. విచారించేది జడ్జీలు కారు, స్పెషల్ మాస్టర్లనే న్యాయాధికారులు. చట్టం ప్రకారం వీరు ఎనిమిది మందికి మించకూడదు. ప్రతివాది ఆ దేశపు ఆరోగ్య శాఖ కార్యదర్శి, అంటే మన లెక్కన ఆరోగ్య మంత్రి. మందుల షాపు గాని, సూది వేసిన మనిషి గాని, కంపెనీ గాని కేసులో కనిపించరు. ఆరోగ్య శాఖ డాక్టర్లు కాగితాలు చూసి తమ అభిప్రాయం చెబుతారు, న్యాయ శాఖ వకీళ్లు వాదిస్తారు.

మన పాఠకులకు ముఖ్యమైన విశేషం ఒకటి ఉన్నది. ఈ పథకానికి అమెరికా పౌరసత్వం అక్కర లేదు. టీకా అమెరికా గడ్డ మీద వేయించుకుని ఉంటే చాలు. చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులయినా, చదువుకోవడానికి వెళ్లిన పిల్లలయినా అర్హులే. చట్టం జాబితాలోని టీకా అయివుండాలి. ఫ్లూ టీకా 2005లో ఆ జాబితాలో చేరింది. కోవిడ్ టీకా మాత్రం ఇందులో లేదు. దానికి వేరే పథకం ఉన్నది గాని, అది పేరుకే పథకమని అక్కడి వకీళ్లే చెబుతారు. దానికి దరఖాస్తు గడువు ఏడాదే. బాధకు, వేదనకు పరిహారం లేదు. వకీలు ఖర్చు ఇవ్వరు. కోర్టూ లేదు, అధికారి చెప్పిందే.

వకీలు ఖర్చు అనేసరికి మన బాబాయి గారికి మొదటి అనుమానం వచ్చింది. "ఉచితంగా వాదిస్తానంటున్నాడు, ఆఖరికి సగం పట్టుకుపోడు కదా?" అని. ఆ అనుమానం తప్పు కాదు. బస్సు ప్రమాదం కేసుల్లో సొమ్ము వచ్చాక వకీలు వాటా, మధ్యవర్తి వాటా, తీసుకువచ్చి అప్పగించినవాడి వాటా పోగా బాధితుడి చేతికి ఏమి మిగులుతుందో మన ఊళ్లవారికి కొత్తగా చెప్పనవసరం లేదు. అమెరికా చట్టంలో నాకు నచ్చిన అంశం ఇదే. వకీలు ఫీజు బాధితుడి సొమ్ములో నుంచి తీయడానికి వీలు లేదు. పథకం నిధి నుంచే వేరుగా, కోర్టు లెక్క చూసి ఇస్తుంది. కేసు ఓడిపోయినా సరే, మంచి నమ్మకంతో, తగిన ఆధారంతో వేసిన దావా అయితే వకీలుకు ఫీజు ముడుతుంది. కనుక "ఇంత పర్సెంటు" అని ఎవరయినా అడిగితే అక్కడే ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు భుజం కేసుల దగ్గరకు వద్దాం. పథకానికి ఒక పట్టిక ఉన్నది. ఏ టీకాకు ఏ హాని, ఎంత గడువులో కనిపిస్తే అది టీకా వల్లనే అని అనుకోవాలో అందులో రాసి ఉంటుంది. పట్టికకు సరిపోతే బాధితుడు కారణం రుజువు చేయనక్కరలేదు. కాదని చూపవలసిన భారం ప్రభుత్వం మీద పడుతుంది. సిర్వాను ఈ పట్టికలో 2017 మార్చి 21 నుంచి చేర్చారు. షరతులు నాలుగు చెప్పుకోవాలి. అంతకుముందు ఆ భుజానికి నొప్పి గాని, జబ్బు గాని ఉండకూడదు. టీకా వేసిన 48 గంటల లోపల నొప్పి మొదలవ్వాలి. నొప్పి, కదలిక తగ్గడం సూది వేసిన భుజానికే పరిమితం కావాలి. దీనికి వేరే రోగం ఏదీ కారణంగా కనిపించకూడదు. ఇవి గాక బాధ ఆరు నెలలకు మించి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేర్చి ఆపరేషను చేయవలసి వచ్చి ఉండాలి. దావా మూడేళ్ల లోపల వేయాలి. ఆ మూడేళ్లు టీకా వేసిన రోజు నుంచి కాదు, డాక్టరు రోగం పేరు చెప్పిన రోజు నుంచీ కాదు, మొదటిసారి బాధ కనిపించిన రోజు నుంచి లెక్క. "గుంటూరులో స్కానింగు తీసినప్పుడు గదా మాకు తెలిసింది" అంటే చెల్లదు. ఆలస్యంగా వెళ్లి తలుపు మూసి ఉన్నదని తిరిగి వచ్చినవారు అక్కడ చాలామంది ఉన్నారు.

పట్టికలో చేరిన తర్వాత భుజం కేసులు పోటెత్తాయి. 2012లో మొత్తం పథకానికి వచ్చిన దావాలు 400 ప్రాంతం. 2019 నాటికి 1200 దాటాయి. వాటిలో సగానికి పైగా భుజం కేసులే ఉంటూ వచ్చాయి. ఎనిమిది మంది న్యాయాధికారులకు ఇది మోయలేని బరువు. ఇలాంటివి తొందరగా తేల్చేందుకు 2014లోనే ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. అయినా ఏళ్లు పడుతున్నాయి.

2020లో అక్కడి ఆరోగ్య శాఖ అసలు సిర్వాను పట్టిక నుంచే తీసివేస్తామన్నది. వారి వాదన ఏమిటంటే, ఇది టీకా దోషం కాదు, సూది వేసే చేతి దోషం. చేతివాటం సరిగా లేనివాడి తప్పుకు టీకా నిధి ఎందుకు చెల్లించాలి? పైగా భుజం కేసుల మూలంగా అసలు తీవ్రంగా దెబ్బతిన్న పిల్లల కేసులు వెనకబడుతున్నాయన్నారు. వినడానికి బాగానే ఉన్నది. కాని తీసివేస్తే ఏమవుతుంది? బాధితుడు పోయి మందుల షాపు మీద, నర్సు మీద మామూలు కోర్టులో నిర్లక్ష్యం రుజువు చేయాలి. నర్సుల సంఘాలు, ఫార్మసిస్టులు ఊరుకుంటారా? కోవిడ్ టీకాలు ఊరూరా వేయవలసిన రోజుల్లో, సూది పట్టినవారి మీద దావాల భయం పెడితే సూది పట్టేదెవరు? 2021 జనవరిలో తీసివేస్తూ ఉత్తర్వు వెలువడింది, ప్రభుత్వం మారింది, అదే ఏడాది ఏప్రిలులో ఆ ఉత్తర్వును రద్దు చేశారు. ఈ గొడవలో ఎక్కడ దారి మూసుకుపోతుందోనని అందరూ పరుగెత్తడంతో 2021లో దావాలు 2000 దాటాయి. మళ్లీ 2025 జూలైలో ఆరోగ్య శాఖ కార్యదర్శి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ ఈ పథకాన్నే మార్చి తీరుతానని ప్రకటించారు. ఆయన ఉద్దేశం పరిహారం త్వరగా, ఎక్కువమందికి అందేలా చేయడమేనంటున్నారు. భుజం కేసుల వరకు అది ఎటు తిరుగుతుందోనన్న బెంగ మాత్రం దావాలో ఉన్నవారిని వదలదు.

నా మటుకు ఆరోగ్య శాఖ 2020 వాదన బలహీనంగానే తోస్తున్నది. చెయ్యి చాపి నిలబడిన మనిషికి మందు దోషమా, చేతి దోషమా అన్న తేడాతో పని ఏమిటి? ఊరందరి మేలు కోసం వేయించుకోమన్నప్పుడు ఊరందరి సొమ్ములో నుంచే దెబ్బకు కట్టు కట్టడం సబబు. సూది వేసేవారికి సరిగా నేర్పే బాధ్యత వేరు, దానికి ఎవరూ అడ్డు రాలేదు.

సరే, రాజీ సంగతి. ఈ పథకంలో సొమ్ము చేతికి రావడానికి మూడు దారులున్నాయి. ఆరోగ్య శాఖ కాగితాలు చూసి "అవును, ఇది పట్టికకు సరిపోయింది" అని ఒప్పుకోవడం ఒకటి. అప్పుడు ఎంత ఇవ్వాలన్నదే మిగులుతుంది. శాఖ ఒప్పుకోనప్పుడు స్పెషల్ మాస్టరు విచారించి తీర్పు చెప్పడం రెండవది. మూడవది రాజీ. ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారమే ఇంతవరకు పరిహారం దక్కిన కేసుల్లో 60 శాతం దాకా రాజీ ద్వారా ముగిసినవే. రాజీ పత్రంలో ప్రభుత్వం తప్పు గాని, కారణం గాని ఒప్పుకోదు. టీకా వల్ల ఈ హాని జరిగిందని మేము అంగీకరించడం లేదు, అయినా వ్యాజ్యం ముగించే నిమిత్తం ఇంత చెల్లిస్తాం అనే ధోరణిలో ఉంటుంది. మన బాబాయి గారి భార్యకు మండింది ఈ వాక్యం మీదనే. "మూడేళ్లు చెయ్యి మోసింది నేను. వాళ్లు ఒప్పుకోకపోతే ఇది ఎక్కడి నుంచి వచ్చిందట?" అన్నారామె.

కోపంలో న్యాయం ఉన్నది. కాని వాళ్లు ఎందుకు అలా రాస్తున్నారో కూడా చూడాలి. ఆమె కేసులో పీట ముడి 48 గంటల దగ్గర పడింది. నొప్పి ఆ రాత్రే మొదలయిందని ఆమె ప్రమాణ పత్రం, కోడలి ప్రమాణ పత్రం ఉన్నాయి. కాని మొదటి డాక్టరు కాగితం రెండు నెలల తర్వాతిది. అందులో "కొన్ని వారాలుగా భుజం నొప్పి" అని ఉన్నదే గాని, "టీకా వేసిన రాత్రి నుంచి" అని లేదు. పైగా వయసు అరవై దాటింది. ఆ వయసులో, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి, టీకా లేకుండానే భుజం బిగుసుకుపోవడం సాధారణమేనని ప్రభుత్వ డాక్టరు అంటారు. ఇలాంటి కేసుల్లో కుటుంబ సభ్యుల మాటను నమ్మి, ఆలస్యంగా వైద్యానికి వెళ్లడం సహజమేనని తీర్పు చెప్పిన స్పెషల్ మాస్టర్లు ఉన్నారు. కాగితాలు పొసగలేదని కొట్టివేసిన కేసులూ ఉన్నాయి. ఏది జరుగుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. అందువల్ల రెండు వైపులా భయం ఉన్నది. ప్రభుత్వానికి ఓడితే ఎక్కువ ఇవ్వవలసి వస్తుందని, ఈమెకు ఓడితే ఏమీ రాదని. రాజీ సొమ్ము ఆ రెండు భయాల మధ్య తేలిన అంకె తప్ప, చేతికి కట్టిన ఖరీదు కాదు.

గెలిస్తే ఎంత వస్తుంది? జరిగిపోయిన వైద్యం ఖర్చు, ఇక ముందు వైద్యం, పోయిన సంపాదన, వీటికి తోడు బాధకూ వేదనకూ కొంత. బాధకు గరిష్ఠం రెండు లక్షల యాభై వేల డాలర్లని 1986 చట్టంలోనే రాశారు. నాటి నుంచి నేటి దాకా ఆ అంకె కదల్లేదు, ధరలు మాత్రం ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. బాధను కొలవడానికి అక్కడి న్యాయాధికారులు మూడు చూస్తారు: బాధ తనకు తెలిసే స్థితిలో ఉన్నారా, ఎంత తీవ్రం, ఎంత కాలం. పాత తీర్పులను పక్కన పెట్టుకుని పోలుస్తారు. ఆపరేషను దాకా పోయిన భుజానికి లక్ష డాలర్లు దాటిన తీర్పులున్నాయి. కొద్ది నెలల వ్యాయామాలతో సర్దుకున్న దానికి అందులో సగం రావడం కూడా కష్టమే. డాక్టరు దగ్గరకు ఆలస్యంగా పోయినా, మధ్యలో వైద్యం మానివేసినా "అంత బాధ లేదేమో" అని అంకె తగ్గుతుంది. ఊరి మనుషులు, అందులోనూ ఆడవాళ్లు, పంటి బిగువున ఓర్చుకోవడం ఇక్కడ వారికే ఎదురు తిరుగుతున్నది.

ఇంకొక విషయం. రాజీ సొమ్ము ఎంతో రాయవద్దని బాబాయి గారు ఒట్టు పెట్టించుకున్నారు గాని, ఆ కోర్టు నిర్ణయాలు అందరూ చూసేలా బయట పెడతారు. పేరు, ఆరోగ్యం వివరాలు దాచమని అడగదలచుకుంటే నిర్ణయం వచ్చిన 14 రోజుల్లో అడగాలి. ఈ మాట చెప్పగానే ఆయన ముఖం చూడవలసింది. ఊళ్లో అప్పు అడిగేవాళ్ల జాబితా అప్పుడే ఆయన కళ్ల ముందు తిరిగినట్టున్నది.

రాజీ అనేది మనకు కొత్త కాదు. మోటారు ప్రమాదం కేసులు లోక్ అదాలత్‌లో రాజీ పడడం తెనాలి, గుంటూరు కోర్టుల చుట్టూ తిరిగిన ప్రతివారూ ఎరుగుదురు. అక్కడ అవార్డు అయితే మళ్లీ అప్పీలు లేదు, అమెరికా రాజీలోనూ ఆ సూది విషయమై మరొక దావా ఉండదు. మన మోటారు వాహనాల చట్టంలో కూడా తప్పు ఎవరిదని తేల్చకుండానే చనిపోతే అయిదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే సెక్షను 2019 సవరణతో వచ్చింది. బస్సు చక్రానికి మనం ఒప్పుకున్న సూత్రమే అమెరికావారు టీకా సూదికి 1986లో ఒప్పుకున్నారు.

మరి ఇదే సూది మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దిగి ఉంటే? బాబాయి గారు అడిగిన రెండవ ప్రశ్న ఇది. డబ్బు తీసుకుని వైద్యం చేసిన ప్రైవేటు ఆసుపత్రి అయితే వినియోగదారుల కమిషనుకు రెండేళ్ల లోపల వెళ్లవచ్చు, నిర్లక్ష్యం రుజువు చేయాలి. అందరికీ ఉచితంగా చేసే సర్కారు ఆసుపత్రి వైద్యం మాత్రం వినియోగదారుల చట్టం కిందకు రాదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. టీకా తర్వాత ఏదయినా హాని జరిగితే ఏ.ఎన్.ఎం. గాని, ఆశా గాని డాక్టరుకు చెప్పడం, జిల్లా, రాష్ట్ర స్థాయిలో కమిటీలు కారణం పరిశీలించడం అనే ఏర్పాటు ఉన్నది. కాని ఆ ఏర్పాటు టీకా భద్రత కోసం పెట్టింది, పరిహారం కోసం కాదు. కోవిడ్ టీకా తర్వాత బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన జవాబు, ప్రభుత్వాన్ని నేరుగా బాధ్యురాలిని చేయడం చట్టరీత్యా కుదరదని, కావాలంటే సివిలు కోర్టులో దావా వేసుకోవచ్చని. అదే ఏడాది కేరళ హైకోర్టు మాత్రం ఇలాంటి వారిని గుర్తించి పరిహారం ఇచ్చేందుకు మార్గదర్శకాలు తయారు చేయమని కేంద్ర అధికారులను ఆదేశించింది. బిడ్డ పోయిన తల్లి సివిలు కోర్టుకు పోయి, డాక్టర్లను, రికార్డులను, నిపుణులను తెచ్చి రుజువు చేయడం ఎలా సాధ్యమో చెప్పినవారు లేరు.

అమెరికా పద్ధతి గొప్పదని నేను అనడం లేదు. ఎనిమిది మందితో వేల కేసులు ఈడుస్తున్నారు, 1986 నాటి అంకెను పట్టుకుని వేలాడుతున్నారు. అయినా వెళ్లి తట్టడానికి ఒక తలుపు, ఆ తలుపు దాకా తీసుకుపోయే వకీలుకు సర్కారే ఇచ్చే ఫీజు ఉన్నాయి.

అమెరికాకు బయలుదేరే పెద్దలకు ఒకటి రెండు మాటలు చెప్పాలి. టీకాకు వెళ్లేటప్పుడు చెయ్యి పూర్తిగా పైకి మడిచే దుస్తులు వేసుకోండి, మెడ దగ్గర లాగనివ్వకండి, కూర్చుని వేయించుకోండి. ఏ చేతికి, ఏ రోజు వేశారో కాగితం అడిగి పుచ్చుకోండి. నొప్పి రెండు మూడు రోజులు దాటితే మొహమాటపడకుండా కొడుక్కో కోడలికో చెప్పండి. డాక్టరు దగ్గర "టీకా వేసినప్పటి నుంచి" అన్న మాట మీరే అనండి, రాశారో లేదో చూడమనండి. ఇక్కడికి వచ్చాక చేయించుకున్న వైద్యం చీటీలు, బిల్లులు కూడా సాక్ష్యమే, పొట్లాలకు వాడకండి. పైన చెప్పిన కేసులో గుంటూరు స్కానింగు రిపోర్టే ఆరు నెలలు దాటి బాధ ఉన్నదని చూపిందట.

ఈ వ్యాసం రాసే ముందు మరొకసారి వారి ఇంటికి వెళ్లాను. వకీలు కొడుకుతో మాట్లాడి, విచారణకు పోతే మరొక ఏడాదో రెండేళ్లో పట్టవచ్చని, గెలుపు సగం సగమని చెప్పాడట. ఆమె వసారాలో కూర్చుని కుడి చేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు, ఎడమ చెయ్యి ఒళ్లో ఉన్నది. సంతకం పెడతానన్నారు. పెడుతూనే, "ఆ షాపులో అబ్బాయికి ఇట్లా మెడ లాగి పొడవొద్దని ఎవరన్నా చెప్పారా?" అని అడిగారు. ఆ అబ్బాయి ఈ కేసులో లేడు గనుక, ఆ పత్రంలో అతని ఊసు లేదు గనుక, నేను జవాబు చెప్పలేకపోయాను. సంతకం ఏ పేజీలో పెట్టాలో కొడుకు ఫోనులో చెబుతుండగా బాబాయి గారు కళ్లజోడు కోసం లోపలికి వెళ్లారు.